కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టండి

పనోరమా అనగానే మనవాళ్ళకి అడ్డంగా సాగిన ఫోటోనే గుర్తొస్తుంది. ట్యాంక్‌బండ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా, గోల్కొండ పైనుంచి ఊరంతా, లేదంటే స్కూలు గ్రూప్ ఫోటో. మా హైదరాబాద్ కొత్తగూడలో అలాంటి ఫోటోకి చోటెక్కడిది? ఎటు తిరిగినా నాలుగడుగుల్లో ఓ ప్రహరీ గోడో, అద్దాల మేడో, ఫ్లైఓవర్ స్తంభమో చూపుకి అడ్డం పడుతుంది. పక్కకి పోలేని చూపు పైకి పోతుంది. అందుకే ఈ ఏరియాలో కెమెరా పట్టినవాళ్ళు నిలువు పనోరమా నేర్చుకోవాలంటాను.

నా ఫోటో స్టూడియో మూసేసి ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చాక నాకు దొరికిన వ్యాపకం ఇది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు (పిల్లలంటే ముప్ఫై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ వాళ్ళే లెండి) ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని తలుపు తడతారు. వాళ్ళకి చెప్పే మాటలే అంకెలేసి రాస్తున్నాను. ఏది ముందు, ఏది వెనక అని పట్టించుకోకండి. మొదటి రెండు మాత్రం ముందే చదవాలి.

1. "బిల్డింగ్ పట్టలేదంకుల్" అన్నది కారణం కాదు

బిల్డింగ్ పట్టకపోతే వెనక్కి నడవండి. వెనక గోడ ఉంటే ఫోన్‌లో 0.5 నొక్కండి. దానికోసం పనోరమా అక్కర్లేదు. పాదాల దగ్గరున్నదానికీ నెత్తి మీదున్నదానికీ మధ్య దూరాన్ని చూపించడానికే నిలువు పనోరమా. తల వంచి చూసింది, తిన్నగా చూసింది, తల ఎత్తి చూసింది, ఈ మూడు చూపులూ ఒకే కాగితం మీదకి రావాలి. మూడింట్లో ఏ ఒక్కదానికీ పని లేకపోయినా అది పనోరమా కాదు, పొడుగ్గా కత్తిరించిన మామూలు ఫోటో.

జర్మన్ ఫోటోగ్రాఫర్ హార్స్ట్ హామన్ 1990ల్లో పనోరమా కెమెరాని నిలువుగా తిప్పి న్యూయార్క్ నగరాన్ని తీశాడు. 'న్యూయార్క్ వర్టికల్' అని పుస్తకం వేశాడు. దొరికితే చూడండి. ఆకాశహర్మ్యాల ఊరు కాబట్టి అంతా పైకే చూసి తీసి ఉంటాడనుకుంటాం. కానీ ఆ పొడుగు చట్రం బలమంతా అంత ఇరుకులో ఆయన ఏది ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నదాంట్లోనే ఉంది.

2. కింది మూడోవంతు దగ్గరే ఫోటో నిలుస్తుంది, పడుతుంది

నా దగ్గరికొచ్చే ఫోటోల్లో చాలావాటికి కాళ్ళుండవు. పైన మేడ మెరుస్తుంటుంది, మధ్యలో చెట్టు ఉంటుంది, కింద ఓ తారు ముక్క, సగం తెగిన బైకు చక్రం, కర్రీ పాయింట్ బోర్డులో రెండక్షరాలు. కింద కాలు పెట్టడానికి చోటు లేక కన్ను సరాసరి పైకి పోతుంది, అక్కడ చూసేదేమీ మిగలక ఫోటో వదిలేస్తుంది.

దీనికి మందు మన గడప దగ్గరే ఉంది. కొత్తగూడ రిజర్వ్ ఫారెస్టులో బొటానికల్ గార్డెన్, అదే కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు పెట్టిన తోట. ఈ ఐటీ కారిడార్ నడుమ దాదాపు 270 ఎకరాల అడవి. పొద్దున వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బండల పక్కనుంచి గబగబా వెళ్ళిపోతుంటారు. ఆగి చూడాల్సింది ఆ బండల్నే. మన దక్కను గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపలున్నప్పుడే పగుళ్ళలోకి నీరు దిగి, రాయి మూలలు అరిగి గుండ్రబడింది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకి కొట్టుకుపోతే గట్టి గుండ్లు ఒకదానిమీద ఒకటి నిలబడి మిగిలాయి. ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్నది పోతే పైకి తేలిన నిలువు వరస అది. నగరంలో ఇలాంటి గుట్టల్ని పేల్చి చదును చేసేస్తున్నారని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పెట్టిన కళాకారులు, ప్రకృతి ప్రేమికులు ఏది కాపాడాలన్నారో ఈ తోటలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

మోకాలెత్తు బండ ముందు కూర్చోండి. వాన నీళ్ళు కారిన నల్ల చారలుంటాయి. పక్కన రూపాయి బిళ్ళంత లైకెన్ మచ్చలు, కొన్ని సున్నం రంగు, కొన్ని పసుపు. బండ అడుగున ఎండిన ఆకు ఒకటి అంచు పైకి లేచి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి. పైకి పోతే పొద, ఆపైన చెట్ల తలలు, వాటి వెనక గచ్చిబౌలి వైపు మేడలు, ఆపైన ఆకాశం. ఇప్పుడు మేడ వయసెంతో బండే చెబుతుంది. మేడని ఒంటరిగా తీస్తే ఆ మాట చెప్పేవాళ్ళుండరు.

ముందుభాగాన్ని ఇంత పెద్దగా పెట్టే ధైర్యం జపాన్ చిత్రకారుడు హిరోషిగే దగ్గర నేర్చుకోవాలి. 1856 నుంచి 1858 దాకా 'ఎదో' అనే నగరం మీద వేసిన నిలువు బొమ్మల వరసలో ఆయన ఒక రేగు కొమ్మని కళ్ళముందుకి తెచ్చి తోటంతటినీ దాని వెనక్కి నెట్టేశాడు. అక్కడ రేగంటే మన రేగు కాదు, ఆ దేశపు పూలచెట్టు. అయినా కిటుకు మన రేగుకీ పనికొస్తుంది.

3. నడుము దాచండి

పదకొండో శతాబ్దపు చైనా చిత్రకారుడు గువో షీ ఈ సంగతి అప్పుడే పట్టేశాడు. కొండని పాదం నుంచి శిఖరం దాకా పూర్తిగా చూపిస్తే అది ఎత్తుగా కనపడదనీ, నడుము దగ్గర మంచు కప్పితే ఎత్తు పెరుగుతుందనీ ఆయన అన్నదాన్ని కొడుకు రాసిపెట్టాడు. ఆయన 1072లో వేసిన నిలువు చిత్రం 'తొలి వసంతం' ఇప్పుడు తైపేలోని జాతీయ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది.

ముప్ఫై అంతస్తుల మేడని లెక్కపెట్టుకునేలా చూపిస్తే అది ముప్ఫై అంతస్తులే. పది అంతస్తులు వేపచెట్టు వెనక దాగితే మిగతాది ఎంతో చూసేవాడే ఊహించుకుంటాడు, ఊహలో అంతస్తులకి మున్సిపల్ పర్మిషన్ అక్కర్లేదు. డిసెంబర్, జనవరి పొద్దుల్లో దుర్గం చెరువు మీద పొగమంచు దిగినరోజు ఉంటే ఆఫీసుకి కాస్త ఆలస్యంగా వెళ్ళండి. మంచు లేని పదినెలలూ చెట్టే మంచు. చెట్టు లేనిచోట ఫ్లైఓవర్ అంచు.

4. మెట్టు నుంచి మెట్టుకి దారి ఉండాలి

శిల్పారామం మనకి దగ్గరే. అక్కడ చేర్యాల బొమ్మలు అమ్మే కొట్ల ముందు పిల్లలు మాస్కులు చూస్తారు, పెద్దలు ధర చూస్తారు. నేను పటాలు చూడమంటాను. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు వేసే పటం పాతకాలంలో ఇంట్లో తగిలించుకునే బొమ్మ కాదు. గజం వెడల్పు, పదుల అడుగుల పొడుగు ఉన్న నిలువు గుడ్డ. గంజీ, తెల్లసుద్దా, చింతగింజల జిగురూ పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరసగా వేసేవాళ్ళు. కథకులు ఊరి నడుమ దాన్ని వేలాడదీసి, ఒక్కో అంకం విప్పుతూ రాత్రంతా పాడేవాళ్ళు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళ పటం అలాంటిదే.

అంటే నిలువుగా కథ చెప్పడం మన తెలంగాణకి తరాలనాడే తెలుసు. అక్కడ ఒక అంకానికీ మరో అంకానికీ మధ్య పూల అంచు ఉంటుంది, అంచు దాటించేది కథకుడి గొంతు. మన ఫోటోకి గొంతు లేదు. కాబట్టి కింద నుంచి పైకి కన్నుని తీసుకెళ్ళే గీత ఏదో ఒకటి కావాలి. చెట్టు మొద్దు, మెట్ల వరస, వంపు తిరిగే రోడ్డు, వంతెన తీగ, వానకి గోడ మీద కారిన చార, ఏదైనా ఫరవాలేదు. తిన్నగా నిట్టనిలువుగా పోయే గీతకన్నా ఓసారి అటు, ఓసారి ఇటు తిరిగే గీత మేలు. ఇరుకు చట్రంలో కన్ను పక్కలకి పోగలిగేది ఆ వంపుల దగ్గరే.

5. ఫోన్‌తో తీసేటప్పుడు

చాలామందికి తెలియదు, ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని పనో మోడ్ పెడితే కింద నుంచి పైకి తిప్పుకోవచ్చు. మామూలు పనోరమాకి ఫోన్ నిలువుగా పడతాం, దీనికి అడ్డంగా. తేడా అంతే.

మొదలుపెట్టే ముందు మధ్యస్థంగా వెలుతురున్న చోట, అంటే చెట్ల తలల మీదో గోడ మీదో, వేలు నొక్కిపెట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. నీడలో ఉన్న బండ మీద లెక్క కట్టనిస్తే పైకెళ్ళేసరికి ఆకాశం తెల్లకాగితమే.

ఇక తిప్పడం. అందరూ చేతులు చాచి, ఫోన్‌ని అర్ధచంద్రాకారంలో నెత్తి మీదకి ఎత్తుతారు. అప్పుడు ఫోన్ రెండడుగులు జరుగుతుంది, దగ్గరున్న బండ ముక్కలై అతుకులు పడుతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఫోన్ ఉన్నచోటే ఉంచి వంచండి. మీ చుట్టూ ఫోన్ తిరగకూడదు, ఫోన్ చుట్టూ మీరు తిరగాలి. వెనక్కి వంగేటప్పుడు నడుము జాగ్రత్త. ఇది ఫోటోగ్రఫీ పాఠం కాదు, వయసు చెప్పే పాఠం.

6. కెమెరాతో తీసేటప్పుడు

కెమెరా అడ్డంగానే ఉంచి, కింద నుంచి పైకి వంచుతూ నాలుగైదు ఫ్రేములు తీయండి. ఒక్కో ఫ్రేములో మూడోవంతు ముందుదాంతో కలవాలి. ఎక్స్‌పోజర్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి ఒకదాని మీద ఉంచాలి, ఫోకస్ ఒకసారి పెట్టి ముట్టుకోకూడదు, రా (RAW) ఫార్మాట్‌లో తీయాలి. బండ మరీ దగ్గరుంటే ఎఫ్/11 దాకా వెళ్ళండి. ట్రైపాడ్‌కి ముందువెనకల వంపు ఎలాగూ మారుతూ ఉంటుంది. ఎడమకుడి వంపు మాత్రం సున్నా ఉండాలి, లేకపోతే పైకి పోయేకొద్దీ ఫోటో పక్కకి ఒరుగుతుంది.

లెన్స్ తిరిగే కేంద్రం సరిగ్గా ఉందో లేదో చూడటం తేలికే. దగ్గరున్న కొమ్మ, దూరంగా ఉన్న కరెంటు స్తంభం ఒక వరసలో వచ్చేలా చూసి కెమెరాని వంచండి. వరస చెదిరితే కెమెరాని ట్రైపాడ్ మీద ముందుకో వెనక్కో జరపండి. చెదరకపోతే అదే చోటు. ముందు దగ్గరి వస్తువేదీ లేకపోతే ఈ తంటా అక్కర్లేదు. కానీ దగ్గరి వస్తువు లేకుండా తీయొద్దని రెండో పాఠంలో చెప్పింది నేనే కదా.

పోలరైజర్ పెట్టకండి. ఆకాశం ఓ మూల నల్లగా, ఓ మూల తెల్లగా వస్తుంది.

7. వంగిన మేడలు

తీసిన ఫ్రేముల్ని ఒకే ఫోటోగా కుట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న వేస్తుంది: పర్‌స్పెక్టివ్, సిలిండ్రికల్, స్ఫెరికల్, ఏది కావాలి? చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. పర్‌స్పెక్టివ్‌లో గీతలన్నీ తిన్నగా ఉంటాయి కానీ పైకి ఎక్కువ చూస్తే కొస సాగి భయంకరంగా తయారవుతుంది. సిలిండ్రికల్ మామూలుగా అడ్డం పనోరమాకి పుట్టింది. దాన్ని మనకి పనికొచ్చేలా చేసే ఉపాయం ఉంది: ఫ్రేములన్నిటినీ తొంభై డిగ్రీలు తిప్పి, అడ్డం పనోరమాగా కుట్టి, అయ్యాక మళ్ళీ నిలబెట్టండి. హగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానితో చాలు. ఇలా చేస్తే ఫోటో నడుమున్న నిలువు గీత తిన్నగా ఉంటుంది, పక్కలవి కాస్త విల్లులా వంగుతాయి. కాబట్టి తిన్నగా ఉండాల్సిన మేడని నడిగీత మీద పెట్టండి, పక్కలకి చెట్లని వదలండి. చెట్టు వంగితే ఎవరూ అడగరు.

పాతకాలపు పెట్టె కెమెరాల్లో ఈ బాధ తక్కువ. లెన్స్ ఉన్న పలకనే పైకి జరిపేవాళ్ళు, కెమెరా వంచే పని లేదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలం అది. ఆయన భవనాల ఫోటోల్లో స్తంభాలు నిటారుగా ఎలా నిలబడ్డాయో చూడండి. నేటి షిఫ్ట్ లెన్స్ చేసేది ఆ పనే, ధర మాత్రం జాగీర్దారుకి తగ్గట్టుంటుంది.

డబ్బుతో పని లేని దారి ఇంకొకటుంది, నిలబడే చోటు మార్చడం. నేల మీద నిలబడితే చూపంతా పైకే. నాలుగో అంతస్తు మెట్ల కిటికీ దగ్గర నిలబడితే సగం కిందికి, సగం పైకి. వంపు రెండువైపులా పంచుకుంటుంది కాబట్టి కంటికి ఆనదు. మా కాంప్లెక్స్‌లో ఆ కిటికీ అద్దం తుడిచే బాధ్యత నాదే.

8. జంక్షన్

కొత్తగూడ చౌరస్తా నిలువుగా మూడంతస్తులు. నేల కింద అండర్‌పాస్, నేల మీద సిగ్నల్, నెత్తి మీద 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్. ఇంత చక్కగా పేర్చిన విషయం ఇంకెక్కడా దొరకదు. ఇబ్బందల్లా ఏదీ ఆగదు. కింది ఫ్రేములో ఉన్న ఆటో పై ఫ్రేముకి వచ్చేసరికి వెళ్ళిపోతుంది, కుట్టాక సగం ఆటో మిగులుతుంది. కదిలేవి అతుకు మీద పడకుండా ఒకే ఫ్రేము నడుమ ఉండేలా ముందే చూసుకోవాలి. ఆ ఒక్క ఫ్రేమునే పదేపదే తీసి మంచిది ఏరుకోండి. మిగతావి ఒక్కోటి చాలు. రాత్రయితే బారు ఎక్స్‌పోజర్ ఇచ్చి బండ్ల దీపాల్ని గీతలు చేసేయండి, నాలుగో పాఠంలో అడిగిన దారి అదే దొరుకుతుంది.

ఫ్లైఓవర్ పైకెక్కి తీయకండి. అక్కడ నడిచేవాళ్ళకి చోటు లేదు, మీ ఇంట్లోవాళ్ళకి నేను సమాధానం చెప్పుకోలేను.

9. నీళ్ళ దగ్గర

2020 సెప్టెంబర్ 25న దుర్గం చెరువు తీగల వంతెన తెరిచిన దగ్గర్నుంచి ఊళ్ళో అందరి ఫోన్లలో ఒకే ఫోటో ఉంది: అడ్డంగా వంతెన, రంగు దీపాలు. 234 మీటర్ల నడిమి భాగం అడ్డంగా తీయమనే అడుగుతుంది, కాదనను. గోల్కొండ కోటకి ఒకప్పుడు నీళ్ళిచ్చిన చెరువు అది. ఆ నీళ్ళని ఫోటోలోకి దించాలంటే మాత్రం ఒక్క స్తంభం, దాని తీగలు, నీళ్ళలో పడిన దాని దీపాల చార చాలు.

నీళ్ళకో గుణం ఉంది. దూరంగా, వాలుగా చూస్తే అద్దంలా మెరుస్తాయి. కాళ్ళ దగ్గర నిట్టనిలువుగా కిందికి చూస్తే ప్రతిబింబం దాదాపు మాయమై చీకటే మిగులుతుంది. నిలువు పనోరమాలో ఈ రెండూ ఒకే ఫోటోలోకి వస్తాయి కాబట్టి అడుగుభాగం నల్లబడుతుంది. గట్టు మీద రాళ్ళనో గడ్డినో అక్కడ పెట్టండి. కెమెరా నేలకి దగ్గరగా దించితే ప్రతిబింబం బలపడుతుంది. గాలి లేవకముందే, తెల్లారగట్ల నీళ్ళ ఫ్రేములు ముందు తీసేసి పైకి వెళ్ళండి. వంతెన ఎక్కడికీ పోదు.

అసలూ ప్రతిబింబమూ చెరిసగం పెట్టకండి. రెండు ఫోటోలు అతికించినట్టుంటుంది.

10. ఆకాశం

మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నపు ఆకాశానికి ఫోటోలో పని లేదు, కొద్దిగా చూపించి ఆపేయండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులకి సగం చట్రం ఇచ్చినా తప్పు లేదు. ఫోటో ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఏదైనా వస్తువు ముగిసే దగ్గర ఆపండి. మన కారిడార్‌లో అందుకు కొరత లేదు, ప్రతి రెండు సందులకీ ఓ టవర్ క్రేన్.

11. మనిషి

బండో మేడో ఎంత పెద్దదో మనిషి పక్కనుంటేనే తెలుస్తుంది. కింది మూడోవంతులో, చిన్నగా, వీలైతే వీపు తిప్పి ఉన్న మనిషి చాలు. గేటు దగ్గర సెక్యూరిటీ తమ్ముణ్ణి అడిగి తీయండి, తీశాక పంపించండి.

12. కాగితం మీదకి తేవడం

సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. హాసెల్‌బ్లాడ్ వాళ్ళ ఎక్స్‌పాన్ అనే పనోరమా కెమెరా వచ్చింది కూడా అదే ఏడాది. 35 ఎం.ఎం. రీలు మీద 65 మిల్లీమీటర్ల పొడుగు ఫ్రేము. దాన్ని చేత్తో పట్టి చూసిందే తప్ప కొనే స్తోమత మా స్టూడియోకి లేదు. అందులో రీలు ప్రింటు వేయించుకునేదాకా మనకి ఏం దొరికిందో తెలియదు. ఇప్పుడు అన్నీ స్క్రీన్ మీదే చూసి స్క్రీన్ మీదే వదిలేస్తున్నారు. ఒకటికి మూడు కొలతలో ఉన్న నిలువు ఫోటో ఫోన్ స్క్రీన్‌లో కూడా రెండు పక్కలా నల్లపట్టీలతో దారంలా కనపడుతుంది. దీనికి కాగితమే దిక్కు.

12 × 36 అంగుళాల ప్రింటు మంచిగా రావాలంటే 3,600 × 10,800 పిక్సెళ్ళు కావాలి. కెమెరాతో నాలుగైదు ఫ్రేములు కుట్టిన ఫైలుకి అదేమంత పెద్ద సంగతి కాదు. మన ఫ్లాట్లలో పెద్ద ఫోటోకి గోడ దొరకదు కానీ రెండు తలుపుల మధ్య అడుగున్నర జాగా ప్రతి ఇంట్లోనూ ఖాళీగా ఉంటుంది. మామూలు ఫోటోలకంటే కిందికి కట్టండి, అడుగు అంచు నడుమెత్తుకి రావాలి. అప్పుడే చూసేవాడు తల వంచి మొదలుపెట్టి తల ఎత్తి ముగిస్తాడు.

ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు 'ఫుల్ ఫ్రేమ్, కట్ చేయొద్దు' అని రాసివ్వండి, నోటితో చెప్పి ఊరుకోకండి. కొలత కుదరకపోతే కౌంటర్ దగ్గర కుర్రాడు అడగకుండా కోసేది కింద నుంచే, రాళ్ళే కదా అనుకుంటాడు. చుట్టూ అరంగుళం తెల్ల అంచు కూడా వదలమనండి. ఫ్రేము కట్టేవాడికి చెక్క కింద దాచుకోవడానికి ఆ మాత్రం కావాలి.